ఏథెన్స్‌లో మెటిక్‌లు ఇల్లు కొనకూడదా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గరండి, గ్రూప్స్‌కి చదువుతున్నాను. ప్రాచీన గ్రీసులోని ఏథెన్స్‌లో స్థిరపడ్డ పరదేశులు, అదే మెటిక్‌లు, పన్ను కట్టి యుద్ధానికి వెళ్లినా సొంతిల్లు కొనకూడదట, నిజమేనా?

జవాబు: నిజమేనండి. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప భూమి, ఇల్లు కొనలేరు, ఓటు లేదు, పైగా పూచీకి ఒక పౌరుడు ఉండాలి. పన్ను మగవాళ్లకి ఏడాదికి 12 డ్రాక్మాలు (అప్పటి వెండి నాణేలు), సొంతంగా బతికే ఆడవాళ్లకి 6. ఎగ్గొడితే బానిసగా అమ్మేసేవారు.

జవాబు: అక్కడ మెటిక్‌గా బతికిన వక్త లిసియాస్ గురించి చదవండి. తండ్రి సిరక్యూజ్ నుంచి వచ్చాడు, డాళ్ల కార్ఖానాతో బాగా బతికిన కుటుంబం. క్రీ.పూ. 404లో అప్పుడు ఏథెన్స్‌ని ఏలిన ముప్పై మంది నియంతలు ఆస్తి లాక్కుని, అన్న పోలెమార్కస్‌ని చంపి, వదిన చెవుల బంగారు కమ్మలు కూడా లాగేశారు. అది చదివి నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

జవాబు: లంకలో మా నాన్న కౌలు చేలోనే ముసలివాడయ్యాడు, గట్టు మీద నాటిన కొబ్బరి మొక్క కూడా మాది కాదు. మెటిక్ బాధ నాకు అర్థమవుతుందండి.