వైన్ కార్కులతో ఏమేం చేయవచ్చు? చేసి చూసినవారు అనుభవాలు పంచుకోండి

సంచయిక:
వైన్ సీసాల కార్కులు మా ఇంట్లో ఒక పెద్ద జాడీ నిండా పోగయ్యాయి. చెత్తలో వేయడానికి మనసు ఒప్పడం లేదు. వీటితో నిత్యం వాడుకునే వస్తువులు చేసినవారు ఏది నిలిచిందో, ఏది నిలవలేదో వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను. కత్తి పెట్టగానే కార్కు పొడిపొడిగా రాలిపోతోంది. దానికి ఉపాయం ఉంటే అదీ చెప్పగలరు.

కొయ్యపని:
సంచయిక గారూ, ముందుగా జాడీని బోర్లించి కార్కులను మూడు కుప్పలుగా వేరు చేయండి, ఎందుకంటే ఏ కార్కు దేనికి పనికివస్తుందన్నది దాని తయారీని బట్టే ఉంటుంది. ఒకే బెరడు ముక్క నుంచి తొలిచిన సహజమైన కార్కు మీద సన్నని గీతలూ గుంటలూ ఒక్కోదానికి ఒక్కో తీరుగా కనిపిస్తాయి. బెరడు నలుసులను జిగురుతో అదిమి చేసినదైతే ఒళ్లంతా పలుకులు పలుకులుగా ఉంటుంది. ప్లాస్టిక్ బిరడా రంగు అంతటా ఒకే తీరుగా ఉండి, కోస్తే లోపల నురగలాంటి పదార్థం బయటపడుతుంది.

కోతకు ముందు సహజమైన కార్కులను చిల్లుల పళ్లెంలో పెట్టి సుమారు 10 నిమిషాలు ఆవిరి పట్టండి. మెత్తబడ్డాక పళ్లున్న కత్తితో, గట్టిగా అదమకుండా, రంపం లాగినట్టు ముందుకూ వెనక్కూ లాగితే అంచు చిట్లకుండా తెగుతుంది. జిగురు పూయడానికి ముందు ముక్కలు పూర్తిగా ఆరాలి, లోపల తడి మిగిలితే అతుకు ఊడివస్తుంది.

వేడిగిన్నె:
వేడి గిన్నెల కింద పెట్టుకునే చట్రం అన్నింటికన్నా మన్నికగా నిలిచింది. కార్కులో ఒక్క ఘన సెంటీమీటరుకు దాదాపు 4 కోట్ల గదులుంటాయి, వాటిలో గాలి చిక్కుకుని ఉంటుంది కనుక వేడి త్వరగా కిందికి దిగదు. 1665లో ఆంగ్లేయ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించినవి ఈ గదులే. నడుమ ఒకటి, దాని చుట్టూ 6, వాటి చుట్టూ 12 నిలబెడితే 19 కార్కులతో సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. గ్లూ గన్‌తో అతికిస్తే వేడికి ఆ జిగురు మెత్తబడి కార్కులు జారిపోతాయి కనుక, గొట్టాలకు బిగించే స్టీలు పట్టీని చుట్టూ వేసి స్క్రూ తిప్పి బిగించడమే మేలు. కార్కుల పొడవులో తేడాలుంటాయి కాబట్టి సమానంగా ఉన్నవాటిని ఏరుకోండి, మిగిలిన హెచ్చుతగ్గులను గరుకు కాగితంతో రుద్ది సరిచేయండి.

మొక్కల నేస్తం:
కుండీ అడుగున కార్కులు వేస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది రాస్తుంటారు, కానీ నేను దానితో ఏకీభవించను. సన్నని మట్టి కింద పెద్ద ఖాళీలున్న పొర ఉన్నప్పుడు, పైమట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా నీరు కిందికి జారదు, అందువల్ల తడి వేళ్లకు మరింత దగ్గరగా నిలుస్తుంది. సహజమైన కార్కులను చిన్న ముక్కలుగా చేసి మట్టిపైన పరిస్తే మాత్రం తేమ ఆరిపోవడం తగ్గుతుంది, అవి కుళ్లడానికి చాలా కాలం పడుతుంది కూడా. జిగురు కలిసినవీ ప్లాస్టిక్‌వీ మట్టిలో వేయకండి.

తెరచాప:
నీటి దగ్గర తిరిగేవారు తాళంచెవికి కార్కు కట్టుకోవడం మంచి అలవాటే, అయితే లెక్క చూసుకోవాలి. మామూలు కార్కు ఒకటి సుమారు 15 గ్రాముల బరువునే తేల్చగలదు. అంటే ఒక చిన్న తాళంచెవికి చాలుతుంది గానీ గుత్తిని మోయలేదు. ముందుగా బకెట్ నీళ్లలో వేసి చూసి, మునిగితే ఇంకొకటి చేర్చండి.

బెరడు:
చేయడానికి ఓపిక లేనివారు కార్కులను సేకరణ కేంద్రానికి ఇవ్వడం కూడా సార్థకమైన పనే. కార్కు ఓక్ చెట్టును నరకరు, బెరడు మాత్రమే ఒలుస్తారు. పోర్చుగల్‌లో ఒక ఒలుపుకూ మరో ఒలుపుకూ మధ్య కనీసం 9 ఏళ్లు ఆగాలి. అంత నిదానంగా పెరిగే పదార్థాన్ని ఒక్క వాడకంతో పారేయడం నాకు బాధ కలిగిస్తుంది. సేకరించిన కార్కులను మళ్లీ బిరడాలుగా చేయరు. పొడి చేసి నేలపలకలకూ, చెప్పుల అట్టలకూ, వేడిని ఆపే పలకలకూ వాడతారు.

సంచయిక:
అందరికీ కృతజ్ఞతలు. చట్రంతోనే మొదలుపెడతాను. మరి ప్లాస్టిక్ కుప్పను ఏం చేయమంటారు?

కొయ్యపని:
వేడి తగిలే చోట, మట్టిలో, మంటలో వాడకండి. పనిముట్ల పెట్టెలో సూదులకూ, ఉలి మొనలకూ తొడుగులుగా గుచ్చిపెట్టండి. ప్లాస్టిక్ తడిని పీల్చదు కనుక సహజమైన కార్కుకన్నా ఇక్కడ ఇదే నయం. పసిపిల్లలున్న ఇంట్లోనైతే ఏ రకం ముక్కలనైనా వారికి అందనంత ఎత్తులో ఉంచండి, గొంతుకు అడ్డుపడే పరిమాణం కనుక.