ప్రాజెక్టులను "ఆధునిక దేవాలయాలు" అనడం: ఉపమా? రూపకమా?

నిన్న ఈ ప్రశ్న అడిగినవారికి నా జవాబు: రూపకమే. "ఆనకట్ట గుడి లాంటిది" అంటే ఉపమ. "ఆనకట్టే గుడి" అంటే ఉపమేయానికీ (పోల్చే వస్తువు, ఇక్కడ ఆనకట్ట) ఉపమానానికీ (దేనితో పోలుస్తామో అది, ఇక్కడ గుడి) భేదం లేదన్నమాట. బళ్లో చదువుకున్న లక్షణమే. అయితే ఉపన్యాస వేదిక మీద ఈ తేడా చాలా దూరం పోతుంది. "లాంటిది" అన్నప్పుడు, ఎంతవరకు లాంటిదండీ అని అడగొచ్చు. గుడే అన్నాక ఆ ప్రశ్నకు చోటుండదు. గుడికి పొలం ఇస్తే అది త్యాగం. పరిహారం ఎంత అని నోరు తెరిస్తే అపచారంలా వినిపిస్తుంది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేస్తూ నెహ్రూ, ఇది తనకు పవిత్ర కార్యమనీ, దేశమంతటా కడుతున్న కొత్త దేవాలయాలకు చిహ్నమనీ అన్నారు. ఆ జలాశయం కింద మునగబోయేది ఇక్ష్వాకు రాజుల పాత రాజధాని విజయపురి. బౌద్ధ విహారాలు, పాత గుళ్లు ఉన్న లోయ అది. తవ్వకాలు జరిపి కొన్ని కట్టడాలను నాగార్జునకొండ మీదికీ, జలాశయం ఒడ్డునున్న అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. అసలు గుళ్లు నీటిపాలు కాబోతున్న చోటే కొత్త గుడి అన్న మాట పలికారు. ఆ రూపకం ఎంత బరువు మోసిందో అక్కడే తెలుస్తుంది.

ఈ గుడి మాటలో మనం వదిలేసిన సగం ఇంకోటుంది. అంతకు ముందు ఏడాది, 1954లో, పంజాబులోని భాక్రా-నంగల్ ప్రాజెక్టుకు చెందిన నంగల్ దగ్గర ఆయన మాటల సారం ఇది: మనిషి మనుషుల మేలు కోసం శ్రమించే చోటే అన్నిటికన్నా పెద్ద గుడి, మసీదు, గురుద్వారా. అంటే పవిత్రత పనిది. సాగర్ రాతి ఆనకట్ట. కూలీలు రాళ్లు మోసి లేపింది. తర్వాతి ప్రసంగాల్లో ఆ కూలీ మాయమై, కట్టడం, శిలాఫలకం మిగిలాయి. నాకు బాధంతా అదే.

1958 నాటికి ఆయనే, భారీగా కట్టి చూపించాలన్న యావను ఒక జబ్బు అన్నారు. గుడి మాటను నాయకులు ఇప్పటికీ వాడుతున్నారు. ఈ జబ్బు మాటను మాత్రం ఏ శంకుస్థాపన సభలోనూ నేను వినలేదు.

సాగర్ ముంపు గ్రామాల పెద్దలు ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ప్రాజెక్టును ఏమనేవారో విన్నవాళ్లు ఈ గ్రూపులో ఉంటే దయచేసి రాయండి. వేదిక మీది మాట పక్కన ఆ మాటనూ పెట్టి చదవాలి.