నెహ్రూ జూపార్కు: ఒక్క రోజులో ఏవి ముందు చూడాలి?

ప్రశ్న
వచ్చే వారం హైదరాబాద్ జూకి వెళ్తున్నాం. ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వెంట ఉంటారు. 380 ఎకరాలూ తిరగడం మా వల్ల కాదు. పులులు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాయనీ, నిశాచర జంతువుల గదిలో ఏమీ కనబడదనీ అంటున్నారు. ఏ వరసలో చూస్తే మంచిదండీ?

పాతబస్తీ
సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు సెలవు. గేటు తీసే వేళకి చేరుకుని నేరుగా పులుల వైపు వెళ్లండి. రాత్రంతా లోపలి గదుల్లో ఉన్నవాటిని పొద్దున బయటికి వదులుతారు. కాసేపు హద్దు వెంబడి తిరుగుతాయి, చెట్ల మొదళ్లు వాసన చూసి మూత్రం చిమ్ముతాయి. ఎండెక్కిందా, నీడలో పడకే. సాయంత్రం తినడం చూద్దామని ఆగకండి, మాంసం వేసేది లోపలే. అత్తగారికి బ్యాటరీ బండి తప్పనిసరి. లయన్ సఫారీకి టికెట్ వేరు, ఆదివారమైతే క్యూలోనే పొద్దుపోతుంది.

గుడ్లగూబ
నిశాచరాల గదిలో కనబడకపోతే తప్పు మన తొందరదే. అక్కడ రాత్రి లైట్లు వేస్తారు, పగలు మసక చీకటి చేస్తారు. అందుకే మనం వెళ్లేసరికి అవి మెలకువగా ఉంటాయి. ఎండలోంచి వెళ్లిన కళ్లు కాస్త కుదురుకోవడానికే ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, పూర్తిగా అలవాటవ్వాలంటే ఇరవై పైనే. జనం రెండు నిమిషాల్లో బయటికొచ్చేసి ఖాళీ అంటారు! దేవాంగపిల్లిని (పిల్లి కాదు, కోతులకు దగ్గరి చుట్టమైన స్లెండర్ లోరిస్) నేల మీద కాదు, కొమ్మల్లో వెతకండి. ఒక్కో చెయ్యీ మార్చి పట్టుకుంటూ మహా నిదానంగా కదులుతుంది. ఫోన్ టార్చ్ వేస్తే దాని కళ్లకి బాధ, మీ కళ్లు మళ్లీ మొదటికి. మధ్యాహ్నం ఎండకి ఈ గది, అక్వేరియం ఉంచుకోండి.

జాలీపక్క
నీటిగుర్రం కనబడలేదని వెళ్లిపోకండి. ఐదారు నిమిషాలకోసారి ఊపిరికి పైకి రావాల్సిందే. ముందు ముక్కు రంధ్రాలు తెరుచుకుని నీళ్లు చిమ్ముతాయి, తర్వాత చెవులు విదుల్చుతుంది, పాపకి అదే తమాషా. నోరు తెరిచి కదలని మొసలిని బొమ్మనుకుని రాళ్లేసే మహానుభావులున్నారు. అది ఒంట్లో వేడి తగ్గించుకుంటోంది, అంతే. జూలో జంతువుల్ని ఏడిపించడం, చిప్స్ లాంటివి పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ కింద నిషేధం. ప్లాస్టిక్ కవర్లు ఇంట్లోనే వదిలేయండి. జింక మింగితే పొట్టలో ఉండలు కట్టి ప్రాణం మీదికొస్తుంది.

ఫోటోలకి అద్దమున్నచోట ఫోన్ అద్దానికి ఆనించి, ఫ్లాష్ ఆపి తీయండి, మీ నీడ పడదు. జాలీకి వెనక జంతువుంటే, అది జాలీకి దూరం జరిగాక జూమ్ చేసి తీయండి, తీగలు మసకబారి మాయమవుతాయి.