ఆర్మీ బేస్ ఉన్న కౌంటీలో నిరుద్యోగ రేటును నమ్మవచ్చా?

కొత్త అనలిస్ట్:
అమెరికాలో పెద్ద ఆర్మీ బేస్ ఉన్న ఒక కౌంటీ వర్క్‌ఫోర్స్ బోర్డులో (ఉద్యోగ శిక్షణకు నిధులు కేటాయించే సంస్థ) ఈమధ్యే చేరాను. రాబోయే రెండేళ్లలో ఏ కోర్సులకు డబ్బు పెట్టాలో చెప్పే రిపోర్టు నాకు అప్పగించారు. నిరుద్యోగ రేటు చూస్తే అంతా బాగున్నట్టే ఉంది. కానీ జాబ్ సెంటర్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సైనికుల భార్యలు, త్వరలో యూనిఫాం వదిలేవాళ్లు. చదువుంది, అనుభవముంది, పని లేదు. ఈ తేడా ఎక్కడినుంచి వస్తోంది? చాలా టెన్షన్‌గా ఉంది.

పాత ప్లానర్:
మీరు చూస్తున్నదే నిజమండీ. ఇలాంటి ఊళ్లలోనే చాలా ఏళ్లు ఈ పని చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ రేటు పౌరులకు మాత్రమే. యూనిఫాంలో ఉన్నవాళ్లు అందులోకి రారు. పైగా గత నాలుగు వారాల్లో పని వెతకనివాళ్లను నిరుద్యోగులుగా లెక్కపెట్టరు. రెండు మూడేళ్లకోసారి బదిలీ అయ్యే ఇళ్లలో, ఎలాగూ వెళ్లిపోతాం కదా అని వెతకడమే మానేసినవాళ్లు ఎందరో! వాళ్లెవరూ ఆ రేటులో కనిపించరు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

సెన్సస్ వాళ్ల అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో బి23025 పట్టిక తెరవండి. పనిలో ఉన్న పౌరులు, సాయుధ దళాలు, లేబర్ ఫోర్స్‌లో లేనివాళ్లు (పని చేయని, వెతకనివాళ్లు) విడివిడిగా ఉంటారు. క్యూసీఈడబ్ల్యూ అనే ప్రభుత్వ ఉద్యోగాల లెక్కలో (కంపెనీలు ఇచ్చే రిపోర్టుల నుంచి తీసేది) సైనికులు ఉండరు, వాళ్ల సంపాదన బీఈఏ (ఫెడరల్ ఆర్థిక గణాంకాల సంస్థ) వ్యక్తిగత ఆదాయ పట్టికల్లో వేరే వరుసలో దొరుకుతుంది. సేల్స్ ట్యాక్స్ వసూళ్లను బట్టి ఊరి ఖర్చు అంచనా వేయకండి. బేస్ లోపలి కమిసరీలో (సైనిక కుటుంబాల కిరాణా దుకాణం) ఆ ట్యాక్స్ ఉండదు.

వీటన్నిటికన్నా విలువైనది బేస్‌లోని ట్రాన్సిషన్ ఆఫీసు, అంటే సైన్యం వదిలేవాళ్లను బయటి జీవితానికి సిద్ధం చేసే ఆఫీసు. సైన్యం వదిలేవాళ్లు మామూలుగా ఏడాది ముందే ట్రాన్సిషన్ ప్రోగ్రాం మొదలుపెట్టాలి. అంటే మెకానిక్‌లు ఎంతమంది, మెడిక్‌లు ఎంతమంది బయటికొస్తున్నారో ముందే తెలుసుకునే వీలుంది. మామూలు ఊళ్లకు ఈ అవకాశం ఉండదు. పేర్లు అడగకండి, ట్రేడ్ వారీగా మొత్తాలు అడగండి. ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నవాళ్లు ఎందరో కూడా అడగండి, చాలామంది సొంత రాష్ట్రాలకు వెళ్లిపోతారు. ఉండేవాళ్లను స్థానిక కంపెనీలతో కలిపేందుకు స్కిల్‌బ్రిడ్జ్ అనే రక్షణ శాఖ కార్యక్రమం ఉంది. కమాండర్ ఒప్పుకుంటే సర్వీసు చివర్లో కొన్ని నెలలు బయట శిక్షణ పొందొచ్చు, జీతం సైన్యమే ఇస్తుంది.

బదిలీల నర్స్:
మా ఆయన ఆర్మీలో ఉన్నారు, నేను నర్సుని. దయచేసి మాకు ఇంకో కోర్సు రాయకండి. రాష్ట్రం మారిన ప్రతిసారీ లైసెన్సుతోనే తంటా. 2023 జనవరిలో సైనిక కుటుంబాల లైసెన్సులు వేరే రాష్ట్రంలో చెల్లేలా ఫెడరల్ చట్టం వచ్చింది, కానీ నేను కలిసిన హెచ్‌ఆర్‌లలో కొందరికి ఆ సంగతే తెలియదు. రెండోది డే కేర్. మా ఆయన ఫీల్డ్‌కి వెళ్తే తెల్లవారుజాము షిఫ్టుకు పిల్లల్ని ఎవరు చూస్తారు? జాబ్ సెంటర్‌లో "పని ఎందుకు మానేశారు" అనే ప్రశ్న కూడా పెట్టండి.

కొత్త అనలిస్ట్:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఆ ప్రశ్న ఫారంలో చేరుస్తాను. డే కేర్ సీట్ల లెక్క ఎవరి దగ్గర ఉంటుంది?

పాత ప్లానర్:
బయటి సెంటర్ల సామర్థ్యం రాష్ట్రంలో చైల్డ్ కేర్ లైసెన్సులిచ్చే విభాగం దగ్గర ఉంటుంది. బేస్ లోపలి వెయిటింగ్ లిస్టు వేరు, దాన్ని గారిసన్ (బేస్ నిర్వహణ చూసే విభాగం) వాళ్లను అడగాలి. వేసవి బదిలీల ముందోసారి, తర్వాతోసారి తీసుకోండి. అంకెలు బాగా మారతాయి.