కాలేజీ బేస్‌బాల్ పిచర్‌ను (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడిని) ప్రొఫెషనల్ స్థాయికి ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: 2023లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ తరఫున 209 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) సాధించిన పాల్ స్కీన్స్‌ను పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు డ్రాఫ్టులో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) మొట్టమొదట ఎంచుకుంది. కాలేజీ పిచర్‌లో వేగం కాక ఇంకేం చూడాలో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1: వేగం కంటే, ఆ సీజన్ మొత్తంలో ఆయన 20 వాక్‌లే (నాలుగు గురితప్పిన బంతులతో బ్యాటర్‌ను ఊరికే మొదటి బేస్‌కు పంపడం) ఇచ్చారన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. స్ట్రైక్ జోన్ (బంతి స్ట్రైక్‌గా లెక్కకు వచ్చే హద్దు) అంచున బంతిని పెట్టగలిగి, ఫాస్ట్‌బాల్‌కు (వేగపు బంతికి) తిప్పినట్టే చేయి తిప్పుతూ స్లైడర్ (చివర్లో పక్కకు వంగే బంతి) విసరగలిగే పిచర్‌ను మేజర్ లీగ్ (అత్యున్నత ప్రొఫెషనల్ లీగ్) బ్యాటర్లు సైతం ముందే పసిగట్టలేరు.

జవాబు 2: మోచేతిని మరవకండి. 2009లో మొదటి ఎంపికైన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కు మరుసటి ఏడాదే టామీ జాన్ శస్త్రచికిత్స (మోచేతిలో తెగిన లిగమెంటును మార్చే ఆపరేషన్) జరిగింది.

జవాబు 3: అయినా ఆయనే 2019 వరల్డ్ సిరీస్‌లో (మేజర్ లీగ్ ఫైనల్ పోరులో) ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అయ్యారు కదండీ. గాయం భయంతోనే పిచర్‌ను పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. కాలేజీలో మ్యాచ్‌కు ఎన్ని బంతులు వేయించారో, మధ్యలో ఎంత విశ్రాంతి ఇచ్చారో మాత్రం తప్పక చూడాలి.