డేటు దాటిన సరుకులు: వేటిని ముక్కుతో, నాలుకతో తేల్చుకోవచ్చు? వేటికి ఆ పరీక్ష పనికిరాదు?

మిర్యాలగూడ వంటిల్లు (ప్రశ్న):
నమస్తే. ఇంట్ల అత్తమ్మ వాసన చూసి చెప్తరు, పిల్లలు ప్యాకెట్ మీద డేటు చూసి పారెయ్యమంటరు. ఇప్పుడు తేలాల్సినవి ఇవి: ‘బెస్ట్ బిఫోర్’ మూడు వారాల కింద దాటిన గోధుమపిండి, సగం సంచి. నెల కింద పట్టించిన సజ్జపిండి. డేటు లేని గుడ్లు ఒక డజను. నిన్నటితో ‘యూజ్ బై’ అయిపోయిన పాల ప్యాకెట్, ఇప్పలేదు. పచ్చి పల్లీలు రెండు కిలోలు, కొన్ని గింజలు నల్లబడ్డయి. రాత్రి మిగిలి బయటే ఉన్న అన్నం. ఎండలు ముదిరినయి, కరెంటు కూడ పోతుంది. ఒక్కొక్కదాన్ని ఎట్ల పరీక్షించాలె?

పాలమూరు పిండిమర:
ముందు ఆ రెండు డేట్ల తేడా చూడండి. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ రోజుదాకా రుచి, గుణం తగ్గవని తయారీదారు ఇచ్చే మాట. అది దాటితే రుచి తగ్గొచ్చు గాని తినడానికి పనికిరాదని కాదు. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అట్ల కాదు, అది దాటినంక తినొద్దు. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లో తప్పనిసరి చేసింది ఈ రెండోదాన్నే. కాబట్టి మీ పిండి సంగతి ముక్కుకు వదిలెయ్యొచ్చు, పాల సంగతి వదలొద్దు.

గోధుమపిండిని సంచి పైనుంచి కాకుండ అడుగు నుంచి గుప్పెడు తియ్యండి, చెమ్మ చేరేది అక్కడే. రెండు చెంచాలు గిన్నెలో వేసి వేడినీళ్లు పోసి కలిపి వెంటనే వాసన చూడండి. పొడిపిండిలో దాగిన ముక్క వాసన వేడి తగలంగనే లేస్తుంది. అది లేకపోతే కొంచెం నాలుక కొసన పెట్టి చూసి ఉమ్మెయ్యండి. చేదు తగిలితే పిండి పోయినట్టే. ఉండలు కట్టి, ఉండకూ ఉండకూ నడుమ సాలీడు గూడులాంటి పోగులు కనిపిస్తే లోపల పిల్లపురుగులు పెరిగి గూడు అల్లినట్టు. పోగులు లేకుండ ఒకటి రెండు పురుగులే ఉంటే సన్న జల్లెడతో జల్లించి వాడుకోవచ్చు. బూజు వాసనొస్తే మాత్రం జల్లించినా లాభం లేదు.

సజ్జపిండి నెల దాటిందంటే నాకు నమ్మకం తక్కువ. సజ్జ గింజ చిన్నది, దానిలో మొలక భాగం పెద్దది, నూనె అందులోనే ఉంటుంది. మరలో నలగంగనే ఆ నూనె గింజలోని ఎంజైమ్‌తో కలిసి విరుగుతుంది. వేసవిలో వారం పది రోజులకే చేదెక్కడం అందుకే. చేదెక్కిన పిండి రొట్టె చేస్తే చేదు ఇంకా తేలుతుంది, బెల్లం వేసినా దాగదు. బూజు లేకపోతే బర్ల కుడితిలో కలపండి. ఇకముందు వారానికి సరిపడా, కిలో కిలోనే పట్టించండి. ఎక్కువ కావాలంటే గింజలను మసిలే నీళ్లలో అర నిమిషం ముంచి తీసి, గలగలలాడేదాక ఎండబెట్టి పట్టిస్తే ఆ ఎంజైమ్ చచ్చి పిండి ఎక్కువ రోజులు నిలుస్తుంది.

కందనూలు రైతు:
పల్లీల దగ్గర నాలుకను నమ్మొద్దు. మన దిక్కు కోతకు ముందు వాన తప్పినా, కాయ సరిగ్గ ఎండకముందే బస్తాలకెత్తినా పసుపుపచ్చ బూజు పడ్తది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదుల్తది. దానికి వాసన లేదు, వేయించినా మొత్తం పోదు. తెల్లగుడ్డ మీద పల్చగ పరిచి, పగటి వెలుతుర్ల ఏరుండ్రి. ముడుతలు పడ్డవి, నల్లబడ్డవి, పొట్టు మీద ఆకుపచ్చ పొడి ఉన్నవి అన్నీ తియ్యాలె. పైకి బాగున్న గింజల్ని గూడ ఒక ఇరవై తీసుకొని రెండు బద్దలు చేసి చూడాలె, బూజు ఎక్కువగ బద్దల నడుమ దాక్కుంటది. ఆ ఇరవైల రెండు మూడింటికి బూజుంటే మొత్తం వద్దు.

పై అన్న సజ్జపిండిని కుడితిల వెయ్యమన్నది సరే, ఈ ఏరిన పల్లీలను మాత్రం బర్లకు పెట్టొద్దు, విషం పాలల్లకు వస్తది. కోళ్లకూ వద్దు. గానుగకు గూడ పంపొద్దు, శుద్ధి చెయ్యని నూనెలకు కొంత దిగుతది. గుంత తీసి పాతిపెట్టుడే.

నల్గొండ ఆహార తనిఖీ:
గుడ్లు, పాలు, అన్నం గురించి నేను చెప్తాను.

లోతు గిన్నెలో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి గుడ్డును మెల్లగా వదలండి. అడ్డంగా పడుకుంటే తాజాది. అడుగున నిలబడితే పాతబడింది, ఉడకబెట్టడానికి వాడండి, పెంకు కూడా సులువుగా వస్తుంది. తేలితే పారెయ్యండి. పెంకులోని సన్న రంధ్రాల గుండా తేమ పోయినకొద్దీ లోపల గాలి గది పెరుగుతుంది కాబట్టి తేలుతుంది. అంటే ఈ పరీక్ష వయసునే చెప్తుంది, కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి ఉందో లేదో చెప్పదు. అందుకే పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించాల్సిందే. వాడే ముందు ఒక్కొక్కటీ వేరే కప్పులో పగలగొట్టి చూడండి. కడిగి దాచొద్దు, తడితో క్రిములు లోపలికి దిగుతాయి.

పాల డేటు ఫ్రిజ్ చల్లగా ఉన్నంతవరకే చెల్లుతుంది. కరెంటు పోయే ఇంట్లో డేటు లోపలే పాలు చెడొచ్చు. అనుమానం వస్తే ఒక గరిటెడు చిన్న గిన్నెలో వేరుగా కాచి చూడండి. అంచున రవ్వలాగా విరిగితే ఆ పాలు పులిశాయి. విరగకపోయినా చేదుంటే వద్దు. చల్లటి చోట పెరిగే క్రిములు పులుపు తేకుండానే పాలను చెడగొడతాయి. మీ ప్యాకెట్‌ది ‘యూజ్ బై’ కాబట్టి తాగొద్దు. ఇంకోసారి డేటుకు ఒక రోజు ముందే కాచి తోడు వెయ్యండి.

బయట ఉన్న అన్నం పారెయ్యండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి బీజాలు ఉడికించినా చావవు. వెచ్చటి అన్నంలో అవి మొలకెత్తి విషం చేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు, వాసనకు దొరకదు. వండిన రెండు గంటల్లో, ఈ ఎండల్లో గంటలోనే, వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి మరునాడే తినాలి. సద్ది లెక్క వేరు. గోరువెచ్చగా ఉన్నప్పుడే పుల్లటి మజ్జిగ కలిపితే ఆ పులుపు క్రిమిని చాలావరకు అదుపులో పెడుతుంది. రాత్రంతా ఊరికే ఉంచి పొద్దున మజ్జిగ పోస్తే ఆ పని జరగదు.

మిర్యాలగూడ వంటిల్లు:
చాల థ్యాంక్స్ అందరికి. పురుగున్న పిండిని ఎండల పెడ్తే సరిపోతదా? ఇంకోటి, ఇంట్ల లేనప్పుడు కరెంటు ఎంతసేపు పోయిందో తెల్వదు. అప్పుడు ఫ్రిజ్‌లని పప్పు, కూర సంగతేంది?

పాలమూరు పిండిమర:
గింజలైతే ఎండ మంచిదే, పిండిని మాత్రం ఎండలో పెట్టొద్దు. వేడికి దానిలోని నూనె ఇంకా తొందరగా ముక్కిపోతుంది. గాలి చొరని కవరులో కట్టి వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే పురుగూ చస్తుంది, గుడ్లూ చస్తాయి. తర్వాత జల్లించుకోండి.

నల్గొండ ఆహార తనిఖీ:
తలుపు తియ్యకపోతే ఫ్రిజ్ చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. అది దాటితే పప్పు, కూర, మాంసం పారెయ్యండి. గరిటెతో ఎత్తితే పప్పు తీగ సాగినా, అంచున నురగ కట్టినా పాచిపోయిందని వెంటనే తెలుస్తుంది. ఆ గుర్తులు లేనంత మాత్రాన బాగుందని కాదు. చింతపండు తొక్కు, నెయ్యి, నూనె మునిగిన మామిడి తొక్కులాంటి వాటికి ఈ నాలుగు గంటల లెక్క వర్తించదు.

మీరు లేనప్పుడు గడ్డ కరిగేంతసేపు కరెంటు పోయిందేమో తెలియడానికి ఫ్రీజర్‌లో చిన్న గిన్నెడు నీళ్లు గడ్డకట్టించి, మీద ఒక రూపాయి బిళ్ల పెట్టండి. మీరు తిరిగొచ్చేసరికి బిళ్ల మంచులోకి దిగి ఉంటే నడుమ గడ్డ కరిగి మళ్లీ కట్టిందన్నమాట. అట్లయితే ఫ్రీజర్‌లోని మాంసం, చేపలు కూడా వండొద్దు.