నికోటిన్ ఆపేశాక మెదడు మళ్లీ మామూలవుతుందా, లేదా? ఎలుకల ప్రయోగాలపై చర్చ

సందేహి:
సిగరెట్ మానేసి చాలా కాలమైనా మనసు బాగోలేదనీ, దేని మీదా ధ్యాస నిలవట్లేదనీ ఎవరైనా రాస్తే చాలు, కింద ఒక జవాబు వచ్చిపడుతుంది: "ఎలుకల మీద ఎప్పుడో రుజువైంది, నికోటిన్ మెదడును శాశ్వతంగా పాడుచేస్తుంది." నిజంగా అంత రుజువైందా? పేపర్లు చదివినవాళ్లు చెప్పండి.

మూడోకన్ను:
లేదండీ. ఎదిగిన జంతువుల్లో చూసిన నష్టం చాలావరకు రోజుల్లో పోయేదే. 1998లో మార్కూ బృందం నేచర్ పత్రికలో వేసిన పేపర్ చూడండి. ఎలుకల చర్మం కింద నికోటిన్ వదిలే చిన్న పంపు పెట్టి, వారం తర్వాత తీసేశారు. మెదడులో సుఖాన్నిచ్చే చోటికి ఎలుకే కరెంటు ఇచ్చుకునే ఏర్పాటు ఉంటుంది. పంపు తీశాక మునుపటి సుఖానికి మునుపటి కరెంటు చాల్లేదు. అంటే ఏదీ రుచించని స్థితి. అది ఉన్నది నాలుగు రోజులు.

జ్ఞాపకశక్తి సంగతీ అంతే. థామస్ గూల్డ్ ల్యాబ్‌లో చిట్టెలుకలకు 12 రోజులు నికోటిన్ ఇచ్చి ఆపేశారు. ఒక పెట్టెలో శబ్దం వినిపించి, పాదాలకు చిన్న షాక్ ఇచ్చారు. మర్నాడు అదే పెట్టెలో వదిలితే మామూలు చిట్టెలుక భయంతో బిగుసుకుపోతుంది. నికోటిన్ ఆపేసినవి అంతగా బిగుసుకోలేదు, కానీ శబ్దం వినిపిస్తే మాత్రం మిగతావాటిలాగే భయపడ్డాయి. దెబ్బతిన్నది చోటును గుర్తుపెట్టుకునే శక్తి, మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం చేసే పని. అదీ కొద్ది రోజుల్లో సర్దుకుంది. నికోటిన్ వల్ల హిప్పోకాంపస్‌లో పెరిగిన రిసెప్టర్లు (కణాల మీద నికోటిన్ అతుక్కునే చోట్లు) పాత స్థాయికి దిగడమూ సుమారుగా అప్పుడే.

నిప్పురవ్వ:
ఎదిగినవాటి లెక్క చెప్పి ఊరుకుంటే ఎలా? మనుషులు ఎక్కువమంది మొదలుపెట్టేది టీనేజ్‌లో. కౌనాట్ బృందం (2011, నేచర్ న్యూరోసైన్స్) కౌమారంలో ఉన్న ఎలుకలకు 10 రోజులు నికోటిన్ ఇచ్చి, సుమారు 5 వారాలు వదిలేసి, పెద్దయ్యాక పరీక్షించింది. ఏకాగ్రత తగ్గింది. మెదడు ముందు భాగంలో గ్లుటమేట్ అనే, మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనానికి స్పందించే ఒక రకం రిసెప్టర్ కూడా తగ్గింది. 2009లో ఇనిగెజ్ బృందం చూపించినది ఇంకా ఇబ్బందికరం: కౌమారంలో నికోటిన్ తీసుకున్న ఎలుకలు పెద్దయ్యాక డిప్రెషన్ లాంటి ప్రవర్తన చూపాయి. ఇది నాలుగు రోజుల ముచ్చటా?

మూడోకన్ను:
కాదు. కానీ అది విత్‌డ్రాయల్ (నికోటిన్ ఆపేయడం) ఫలితమని ఎలా అంటారు? ఎదిగిన ఎలుకలకూ అలాగే ఇచ్చి, అలాగే ఆపితే ఆ ఏకాగ్రత లోపం మిగల్లేదు కదా. ఆపడమే కారణమైతే వాటిలోనూ కనిపించాలి. ఎదిగే మెదడు మీద నికోటిన్ పడటమే అసలు దెబ్బ.

నిప్పురవ్వ:
అక్కడే చిక్కు. ఇనిగెజ్ ఎలుకలకు పెద్దయ్యాక మళ్లీ నికోటిన్ ఇస్తే ఆ ప్రవర్తన సర్దుకుంది. లేని నికోటిన్ కోసం మెదడు ఇంకా వెతుక్కుంటోందని అనుకోవడంలో తప్పేముంది?

మూడోకన్ను:
డిప్రెషన్ మందులిచ్చినా సర్దుకుంది. మరి వాటి కోసం కూడా వెతుక్కుంటోందా?

నీటిబుడగ:
ఇద్దరూ "డిప్రెషన్" అని తేలిగ్గా అనేస్తున్నారు. ఇలాంటి పేపర్లలో ఎక్కువగా వాడే ఈత పరీక్ష ఎలా ఉంటుందో తెలుసా? ఎక్కి బయటపడటానికి వీల్లేని గాజు గొట్టంలో నీళ్లు పోసి ఎలుకను వదులుతారు. కాసేపు గోడలు గీరుతూ ఈదుతుంది, తర్వాత ముక్కు పైకుంచడానికి సరిపడా కాళ్లాడిస్తూ తేలుతుంది. ఆ తేలిన సెకన్లు లెక్కపెట్టి "నిరాశ" అంటారు. బయటపడే దారి లేదని తెలిశాక ఓపిక దాచుకోవడం నాకైతే తెలివిలాగే కనిపిస్తుంది. కరెంటు పరీక్షను కొంత నమ్ముతాను, దీన్ని మాత్రం మనిషి దిగులుతో పోల్చను.

ఇంకోటి. పంపు రాత్రీపగలూ నికోటిన్ వదులుతూనే ఉంటుంది, ఏ మనిషీ అలా తాగడు. 2006లో కెన్నీ, మార్కూ ఎలుకలే మీట నొక్కి నికోటిన్ తీసుకునేలా చేస్తే ఫలితం తిరగబడింది: ఆపేశాక కనీసం 36 రోజులు సుఖానికి స్పందించే గుణం పెరిగే ఉంది. దీర్ఘకాలం మిగిలే మార్పు అంటే ఇదీ ఒకటి, కానీ ఎవరూ దీన్ని చెప్పరు.

సందేహి:
మరి మనుషుల్లో?

మూడోకన్ను:
2009లో కాస్‌గ్రోవ్ బృందం మెదడు స్కాన్లతో చూసింది. పొగతాగేవాళ్లలో పెరిగిన నికోటిన్ రిసెప్టర్లు మానేశాక 6 నుంచి 12 వారాల్లో తాగనివాళ్ల స్థాయికి వచ్చాయి. 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో 26 అధ్యయనాలను కలిపి చూస్తే, మానేసినవాళ్లలో ఆందోళన, డిప్రెషన్, టెన్షన్ తగ్గాయి, కొనసాగించినవాళ్లలో అంతగా తగ్గలేదు. శాశ్వతంగా పాడవడం అంటే ఇలా ఉండదు.

నిప్పురవ్వ:
ఆ పోలికలో మానేసినవాళ్లు లాటరీ తీసి ఎంచినవాళ్లు కాదు. మనసు కుదుటపడినవాళ్లే మానడం నిలబెట్టుకుని ఉండొచ్చు. పైగా సగటు అది. పదమూడో ఏట మొదలుపెట్టినవాళ్లనూ పాతికేళ్లకు మొదలుపెట్టినవాళ్లనూ విడదీసి చూపిస్తే అప్పుడు మాట్లాడదాం.

నీటిబుడగ:
ఎలుకల్లోనూ అదే విడదీయాలి. కౌమారంలో మొదలుపెట్టి, పరీక్ష రోజు దాకా నికోటిన్ ఆపకుండా ఇచ్చిన గుంపు ఒకటి పక్కన ఉండాలి. వాటిలోనూ ఏకాగ్రత తగ్గితే మూడోకన్ను గారి మాట నెగ్గుతుంది, తగ్గకపోతే నిప్పురవ్వ గారిది. పైన చెప్పిన కౌమారం పేపర్లలో అప్పుడు నికోటిన్ పొందినవన్నీ మధ్యలో ఆపేసినవే. అందుకే మీ ఇద్దరి వాదన ఇక్కడే తిరుగుతోంది.